ఏడో నంబరు కుందేలు

1961 మార్చి 27

పడవ దొరకలేదు.

మార్చి 28

నిన్న ఒక్క ముక్క రాసి కలం పక్కన పెట్టేశాను. ఇవాళైనా సరిగ్గా రాయాలి. ప్రయోగశాల పుస్తకంలో ఇలాంటివి రాయకూడదు కాబట్టే ఈ నోటుబుక్కు తీశాను. దీన్ని ఎవరూ చదవరు.

మా తమ్ముడు యసుకిచి హిగన్ వారంలో, ఈ నెల ఇరవయ్యో తేదీ పొద్దున, ఒక్కడే పడవ వేసుకుని వెళ్ళాడు. ఆ వారం మా కురోసె రేవులో ఎవరూ ఈటె ముట్టుకోరు. సమాధులు కడిగి, పోయినవాళ్ళకు పిండిముద్దలు పెట్టుకునే వారం అది, ప్రాణం తీసే వారం కాదు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి గనక వాణ్ణి సముద్రం మీద చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మధ్యాహ్నానికి ఈశాన్యం గాలి లేచింది.

ఊరికి కారణం కావాలి. అది దొరక్కపోతే ఊరికి నిద్ర పట్టదు. "హిగన్ రోజుల్లో, అంత గాలిలో, బుద్ధున్న వేటగాడెవడైనా వెళ్తాడా? వేటా లేదు గీటా లేదు. హకొదాతె పట్నంలో ఉందిగా ఆ సారాకొట్టుది, దాని దగ్గరికి పోయుంటాడు" అని పడవల సంఘం పెద్దగారి భార్య చేపల బజారులో అందట. రెండు రోజుల్లో అదే నిజమై కూర్చుంది. వెతకడానికి వెళ్ళిన పడవలు కూడా మూడోనాటికే తిరిగొచ్చేశాయి. ఆడదాని కోసం పారిపోయినవాణ్ణి ఎవరు వెతుకుతారు?

వాడు ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు. నేనే పంపాను.

పంపాను అనడం సరికాదు. అడిగాను. పొట్టిమూతి డాల్ఫిన్ రక్తం కావాలన్నాను. బజారులో దొరికే గడ్డకట్టిన రక్తం కాదు, ఇంకా వేడిగా ఉండగా సీసాలోకి పట్టింది. తోక్యో ప్రొఫెసరుగారి తిమింగలాల చుట్టరికాల పట్టికలో ఆ ఒక్క గడీ ఖాళీగా ఉంది. ఏప్రిల్ మధ్యకల్లా పంపమని ఉత్తరం మీద ఉత్తరం. "హిగన్ వెళ్ళనీ అన్నయ్యా, మర్నాడే తెచ్చిస్తా" అన్నాడు వాడు. "చదువుకోనివాళ్ళలా మాట్లాడకు. డాల్ఫిన్లకు హిగన్ తెలుసా?" అన్నాను. అంతే. అడగడం వేరు, పంపడం వేరు.

నేను నోరు విప్పితే ఊరి నోరు మూతపడుతుంది. వాడికి దక్కాల్సిన కర్మకాండ వాడికి దక్కుతుంది. రేపు వాడి భార్య తొషినోకి చెబుతాను.

మార్చి 29

చెప్పలేదు. వాళ్ళ కూతురు కయోకి జలుబు. పిల్ల మూలుగుతుంటే తల్లితో ఏం చెబుతాం?

మార్చి 31

నాకు ఇల్లూ వాకిలీ లేవు. ప్రయోగశాల వెనక ఒక గది. పదేళ్ళుగా సాయంత్రం తిండి తమ్ముడింట్లోనే. ఇప్పుడు మానేస్తే జనానికి ఏదో ఒకటి తోస్తుంది. అందుకని వెళ్తున్నాను.

తొషినో వాడు కూర్చునే చోట, సరిగ్గా నాకు ఎదురుగా, పళ్ళెం పెడుతోంది. దూరం వెళ్ళినవాడికి ఇంట్లో పెట్టే నీడభోజనం. యుద్ధంలో మా అమ్మ మా ఇద్దరికీ పెట్టేది. అన్నం గిన్నె మీద మూత ఉంటుంది. అందరూ తిన్నాక ఆ మూత తీస్తారు. లోపల నీటిబొట్లు ఉంటే మనిషి బతికున్నట్లు. వేడి అన్నం మీద మూతకు నీళ్ళు పట్టక ఏం చేస్తాయి, నా మొహం! అయినా ఆమె మూత తీస్తుంటే నా మెడ దానంతటదే సాగింది.

"తడిగా ఉంది. చూడండి బావగారూ" అంది తొషినో. నాకు కనిపించేలా మూత వంచి పట్టుకుంది.

"అంటే నాన్న ఎక్కడో అన్నం తిన్నాడన్నమాట. కదా పెదనాన్నా?" అంది కయో. దానికి ఆరేళ్ళు.

తిన్నాడన్నాను.

ఏప్రిల్ 3

తిమింగలాల వేటకాలం మొదలైంది. వాటిని కోసే వేదిక మీద నీళ్ళు కొట్టి కడుగుతున్నారు. కుందేళ్ళను చూసుకునే ఇసొ అవ్వ పొద్దున్నే వచ్చింది. డెబ్బై దాటాయి, పళ్ళు లేవు, నోరు మాత్రం ఉంది. ఏటా అడిగినట్లే ఇవాళా అడిగింది.

"ఇన్నేళ్ళు ఈ మూగజీవాల చెవులు పొడిచి పొడిచి ఏం కనిపెట్టావు బాబూ?"

"తిమింగలాల్లో ఏది దేనికి చుట్టమో, డాల్ఫిన్లు వాటికి ఎంత దగ్గరో చూస్తున్నానవ్వా."

"పెళ్ళి సంబంధాలు కుదురుస్తావా?"

ఏటా చెప్పినట్లే చెప్పాను. స్పెర్మ్ తిమింగలం రక్తంలోని తేట, అంటే సీరం, కుందేలుకి ఎక్కిస్తే, దాని రక్తంలో ఆ తిమింగలాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు పుడతాయి. ఆ కుందేలు సీరం తీసి గాజు మీద పరిచిన జెల్లీ బిళ్ళ మధ్యగుంటలో పోస్తాను. చుట్టూ గుంటల్లో వేరే వేరే జంతువుల సీరం. అటుదీ ఇటుదీ జెల్లీలో పాకుతూ వచ్చి ఎదురుపడతాయి. గుర్తుపడితే అక్కడ తెల్లగీత లేస్తుంది. దగ్గరి చుట్టమైతే మందంగా, దూరపు చుట్టమైతే సన్నగా. ఏమీ కానిదైతే జెల్లీ జెల్లీలాగే ఉంటుంది.

"మరి చిన్నయ్యగారి కుందేలో?" అంది అవ్వ.

ఏడో నంబరు. దానికి ఎక్కించింది మనిషి సీరం. నా చేతినరాలు సూదికి దొరకవు. రెండేళ్ళ కిందట యసుకిచి నవ్వుతూ చొక్కా చెయ్యి మడిచాడు. "మన ఇద్దరి రక్తం ఒకటే కదన్నయ్యా, తీసుకో." తిమింగలాల సీరం పక్కన ఏడో కుందేలు సీరం పెడితే గీత రాకూడదు. రాలేదంటే నా పని శుభ్రంగా ఉన్నట్లు లెక్క. ఆ కుందేలు ఉన్నది అందుకే.

"అయితే చిన్నయ్యగారిని గుర్తుపట్టే ప్రాణి ఇంకా ఒకటుందన్నమాట" అంది అవ్వ. అని గడ్డి మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 4

సాయంత్రం నాలుగింటికి ఏడో నంబరు వెనక్కాలితో బోను నేలను కొడుతోంది. టప్. టప్. నాలుగింటికి యసుకిచి ముల్లంగి ఆకులు తెచ్చేవాడు. మిగతా కుందేళ్ళు చెవి కూడా కదపడం లేదు.

నేను గదిలోకి వెళ్ళగానే ఆగిపోయింది. బోను దగ్గరికొచ్చి నా చెయ్యి వాసన చూసింది.

ఏప్రిల్ 6

ఇవాళ ముసలి హిరోత పడవ వచ్చింది. పొట్టిమూతి డాల్ఫిన్లు మూడు. నేను అడక్కుండానే ఒకదాని రక్తం సీసాలో పట్టి తెచ్చాడు.

"మీ తమ్ముడెప్పుడో చెప్పాడు, అన్నయ్యకి కావాలని. సముద్రం అద్దంలా ఉంది. రేవు దాటగానే పడవ పక్కకొచ్చి ఆడాయి. పట్టుకోవడం కూడా ఓ పనేనా" అన్నాడు.

సీసా ఇంకా వెచ్చగా ఉంది. థాంక్స్ చెప్పాను. సీరం వేరుచేసి జెల్లీ బిళ్ళలు పెట్టాను. పని పనే.

ఏప్రిల్ 8

పొద్దున బిళ్ళలు చదివాను. గడి నిండింది. ఉత్తరం రాసి టపాలో వేశాను.

ఏడో కుందేలు బిళ్ళ చూడనవసరమే లేదు, అలవాటుగా దీపం ముందు పెట్టాను. మధ్యగుంటకూ డాల్ఫిన్ గుంటకూ నడుమ సన్నటి తెల్లగీత ఉంది.

మనిషిని గుర్తుపట్టే సీరం డాల్ఫిన్‌ను గుర్తుపట్టదు. ఏదో కల్తీ అయి ఉంటుంది. గాజుసామానంతా ఉడకబెట్టాను.

ఏప్రిల్ 10

మళ్ళీ వచ్చింది.

ఏప్రిల్ 12

హిరోత తెచ్చిన మిగతా రెండు డాల్ఫిన్ల నుంచి ఆ రోజే పట్టి ఉంచిన రక్తం కూడా చూశాను. రెండింటిలోనూ ఉంది. సముద్రంలో ఎవర్ని ఎవరు తింటారో నాకు తెలుసు. తిన్నంతమాత్రాన తిన్నది రక్తంలోకి రాదు. తిన్నంతమాత్రాన తిన్నది రక్తంలోకి రాదు. ఏటా ఇక్కడికి వచ్చే విద్యార్థులకు నేనే చెప్పే పాఠం ఇది. అసలు ఆ జంతువులు మనిషిని ముట్టుకోవు కూడా.

తొషినోకి ఇవాళా చెప్పలేదు. ముందు ఈ గీత సంగతి తేల్చుకోనీ. తేలకుండా ఏది చెప్పినా తొందరపాటే.

ఏప్రిల్ 15

ప్రొఫెసరుగారి కార్డు వచ్చింది. "అందింది. సంతోషం." ఇంకేం రాయలేదు.

ఏప్రిల్ 18

ఈ కాలపు మొదటి స్పెర్మ్ తిమింగలం దొరికింది. మగది, యాభై అడుగులు. రేవుకు నూరు మైళ్ళ అవతల కొట్టారట. రక్తం నేనే పట్టాను.

ఏప్రిల్ 20

దాంట్లోనూ ఉంది. డాల్ఫిన్లకంటే మందంగా.

మొదట రేవు ముందరి డాల్ఫిన్లలో. ఇప్పుడు నూరు మైళ్ళ అవతల నుంచి వచ్చిన తిమింగలంలో. ఒకదాని నుంచి ఒకదానికి కబురు వెళ్తున్నట్లుంది. ఇది రాయకూడని మాట. శాస్త్రం చదివినవాడు రాయాల్సిన మాట కాదు. కొట్టెయ్యాలి. కొట్టెయ్యబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 22

కయో బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. ఎందుకే అంటే చెప్పలేదు. అన్నం తినేటప్పుడు అడిగింది: "పెదనాన్నా, హకొదాతె ఎంత దూరం?"

"చాలా దూరం తల్లీ."

"నాన్న అక్కడ కొత్త అమ్మతో ఉన్నాడట. అందరూ అంటున్నారు. అక్కడ కొత్త పిల్ల కూడా ఉంటుందా?"

తొషినో తల ఎత్తలేదు. చేపముల్లు తీస్తూనే ఉంది. ఊరి స్నానాల గదిలో తొషినోని చూసి ఆడవాళ్ళు జరిగి కూర్చుంటున్నారని ఇసొ అవ్వ చెప్పింది. నా నోటిదాకా వచ్చింది. మింగాను. పిల్ల ఎదుట ఎలా?

మూత తడిగానే ఉంది.

ఏప్రిల్ 24

గుడి గురువుగారు తమ్ముడింటికి వచ్చారు. వాడు వెళ్ళి మే ఏడుకి నలభైతొమ్మిదో రోజు. పోయినవాడైతే ఆ రోజు గుడిలో కొత్త పేరు పెట్టి, చావుల పుస్తకంలోకి ఎక్కించాలి. మా గుడి పుస్తకంలో మనుషులూ తిమింగలాలూ వరసగా ఒకే పుటలో ఉంటారు. ఈ రేవులో చచ్చిన ఏ ప్రాణికైనా అక్కడ ఒక పేరుంటుంది.

"పారిపోయినవాణ్ణి చచ్చినవాళ్ళలో రాయలేనమ్మా. వేటకు వెళ్ళి పోయాడని ఎవరైనా ఒక్కరు నా ఎదుట చెప్పాలి" అన్నారు.

"పోయారని ఎవరన్నారు గురువుగారూ? మూత తడిగానే ఉంటోంది కదా" అంది తొషినో. ఆ మాట అంటూ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

ఆయన కూడా నా వైపే తిరిగారు. "మీరు అన్నగారు. మీరేమంటారు?"

"అమ్మాయి ఇష్టం" అన్నాను. ఛీ, ఏం మనిషిని! ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇష్టమొచ్చింది చెప్పే వీలు లేనిది ఆమెకొక్కదానికే.

ఏప్రిల్ 25

రేపు చెబుతాను.

ఏప్రిల్ 26

ఏడో నంబరు చెవి నుంచి మళ్ళీ రక్తం తీశాను. వారంలో ఇది మూడోసారి. చెవి అంచులు నల్లబడ్డాయి. "దాన్ని పీల్చి పిప్పి చేస్తున్నావు బాబూ, నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోనియ్యి" అని ఇసొ అవ్వ గొణిగింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆమె మీద అలా అరవడం ఇదే మొదలు.

ఏప్రిల్ 28

పొద్దున వేదిక మీదకి ఆడ స్పెర్మ్ తిమింగలాన్ని లాగారు. పొట్ట కోస్తే లోపల పిల్ల. పదడుగులు ఉంటుంది, ఇంకా ఊపిరి తీసుకోని పిల్ల. కత్తులు ఆగిపోయాయి. అలాంటిది దొరికితే మా దగ్గర మాంసానికి పంపరు. తెల్లగుడ్డ చుట్టి, గుడి వెనక సముద్రం కనిపించే చోట పూడ్చి, దానికీ పేరు పెడతారు.

గుడ్డ తెచ్చేలోపు నేను బొడ్డుతాడు నుంచి రక్తం పట్టాను. ఈసారి చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాను. సీసా కొత్తది. ఈ పిల్ల సముద్రాన్ని చూడలేదు. దేన్నీ తినలేదు. దీంట్లో గీత రాదు. రాదు గనక ఇంతకుముందు వచ్చినవన్నీ కల్తీయేనని తేలిపోతుంది. అప్పుడు నిమ్మళంగా కూర్చుని తొషినోతో మాట్లాడొచ్చు.

ఏప్రిల్ 30

వచ్చింది. ఇంతవరకు వచ్చిన వాటన్నిటిలోకీ మందంగా ఉంది. దీపం అక్కర్లేదు, కిటికీ వెలుతురులోనే కనిపిస్తోంది.

బిళ్ళ బల్ల మీద పెట్టి చాలాసేపు దూరంగా నిలబడ్డాను. భయమేసింది. నలభైఆరేళ్ళ మనిషిని, అరచెయ్యంత గాజుబిళ్ళను చూసి భయపడ్డాను. పిల్లను నిన్న పూడ్చిపెట్టారు. గురువుగారు పుస్తకంలో దాని పేరు రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను. కింద ఒక వరస వదిలి పుస్తకం మూసేశారు.

మే 1

ఏడో నంబరు చచ్చిపోయింది.

బోను మూలకు చేరి, తలుపు వైపు మొహం పెట్టి పడుకుని ఉంది. ఇసొ అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చెవి నిమిరింది. "చిన్నయ్యగారిది కూడా పోయింది" అంది, అంతే.

దాని సీరం ఒక చిన్న సీసాడు మిగిలింది.

సాయంత్రం నాలుగింటికి కుందేళ్ళ గదిలో నేలను కొట్టిన చప్పుడు వినిపించింది. వేరే కుందేలు కొట్టి ఉంటుంది. కుందేళ్ళన్నాక కొడతాయి.

మే 2

ఆఖరి బిళ్ళ పెట్టాను. మధ్యలో ఏడో నంబరు సీరం. ఒక గుంటలో పుట్టని పిల్లది. దాని పక్క గుంటలో మనిషిది పెట్టి పోల్చాలి. యసుకిచి రక్తం ఇక లేదు కాబట్టి నాదే పోయాలి. సూది కోసం వెతకబోయి నా చేతులు చూసుకున్నాను. చలికీ, ఫార్మలిన్‌కీ ప్రతి వేలి కొనా పగిలి ఉంది. బొటనవేలు నొక్కితే చాలు, రక్తం వచ్చింది.

ఈ పగుళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి?

మే 4

రెండు గీతలూ కలిసిపోయాయి. పిల్ల ముందర లేచిన గీత, నా ముందర లేచిన గీత వంగి ఒకటయ్యాయి. వేరువేరు పదార్థాలైతే గీతలు ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి. చుట్టాలైతే కలిసిన చోట చిన్న కొస మిగులుతుంది. ఏమీ మిగల్లేదు. కడుపులోని పిల్లలో ఉన్నదీ నా వేలిలో ఉన్నదీ ఒకటే.

అయితే అర్థమైంది. ఏప్రిల్ నుంచీ ప్రతి గుంటా నా చేత్తోనే నింపాను. ప్రతి సీసా నా చేత్తోనే విప్పాను. నా రక్తమే వాటిలో పడింది. ఆ కుందేలుకి తమ్ముడెవరో అన్న ఎవరో తెలియదు, మనిషైతే చాలు. ఇన్నాళ్ళూ అది గుర్తుపట్టింది యసుకిచిని కాదు, నన్ను. ఒక్కసారి నవ్వొచ్చింది. ఇంత చిన్న సంగతి. తప్పు నాదే, గీత నాదే, దయ్యమూ లేదు భూతమూ లేదు.

కాకపోతే పిల్ల తిమింగలం నాడు నాకు తొడుగులున్నాయి. బిళ్ళ పెట్టేటప్పుడూ తియ్యలేదు. ఇప్పుడే వాటి నిండా నీళ్ళు పోసి తాడు కట్టి వేలాడదీశాను. ఎక్కడా ఒక్క చుక్క కూడా కారలేదు.

గంట తరవాత మళ్ళీ చూశాను. కారలేదు.

మే 5

ఇంకెన్ని బిళ్ళలు పెట్టినా అవి చెప్పేది ఒక్కటే. ఎల్లుండికి నలభైతొమ్మిదో రోజు.

మే 6

చెప్పాను.

మధ్యాహ్నం వెళ్ళాను. కయో బడి నుంచి ఇంకా రాలేదు. తొషినో పెరట్లో సముద్రపు నాచు తాడు మీద ఆరేస్తోంది. నన్ను చూసి, "ఈ వేళప్పుడు వచ్చారేం బావగారూ?" అంది. కూర్చోలేదు నేను. నిలబడే మొత్తం చెప్పేశాను. డాల్ఫిన్ రక్తం అడిగింది నేనని. హిగన్ అయ్యాక వెళ్తానంటే ఎగతాళి చేసింది నేనని. సారాకొట్టుది ఎవరో వాడికి తెలియను కూడా తెలియదని.

ఆమె నాచు ఆరేస్తూనే ఉంది. తాడు చివరిదాకా వెళ్ళాక చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?" అన్నాను.

"ఆ రోజు పొద్దున వెళ్తూ చెప్పే వెళ్ళారు. అన్నయ్యకి అర్జెంటట, హిగనే అయినా తప్పేట్లు లేదు, ఎవరితోనూ అనకు, అన్నయ్యని ఆడిపోసుకుంటారు అన్నారు. రక్తం పట్టే సీసా పగలకుండా నేనే పాత తువ్వాలులో చుట్టిచ్చాను."

"తెలిసి... ఇన్నాళ్ళూ... ఊళ్ళో అన్ని మాటలు పడుతూ..."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? మొగుడు ఇంకొకదానితో లేచిపోతే పెళ్ళాం పరువు కోసం కట్టుకథ చెబుతోందంటారు. ఇంకో నాలుగు నవ్వులు నవ్వుతారు. మీరు చెబితే నమ్ముతారు. చదువుకున్నవారు, పైగా తప్పు మీ మీదికే వస్తుంది. లేని తప్పు ఎవరైనా నెత్తిన వేసుకుంటారా?" ఆమె గొంతు ఇంతసేపూ మామూలుగానే ఉంది. అప్పుడు పెరిగింది. "మిమ్మల్ని చెప్పమని అడగకూడదనుకున్నాను. అడిగితే చెప్పినదానికి విలువేముంది? అందుకే పళ్ళెం పెట్టాను. సరిగ్గా మీకు ఎదురుగా పెట్టాను. రోజూ అనుకునేదాన్ని, ఇవాళ ఈయన గొంతులో ముద్ద దిగదు, ఇవాళ చెప్పేస్తారని. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నారు కదా బావగారూ! ఎలా తిన్నారు?"

"మూత తడిగా ఉండేది" అన్నాను.

"ఆ గిన్నెలో అన్నం పొద్దుటిది. చల్లారిపోయి ఉండేది. మూత నేనే తొట్టిలో ముంచి పెట్టేదాన్ని."

అప్పుడు ఏడ్చింది. మొహానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, పక్కింటికి వినిపించకుండా ఏడ్చింది. నేను నేల మీద తల ఆనించి క్షమించమన్నాను. లేవండి అని అనలేదు. మొహం తుడుచుకుని, "నాతో చెబితే సరిపోదు. రేపు గుడిలో, అందరూ ఉండగా చెప్పండి. ఆవిడ కూడా వస్తుంది" అంది. ఆవిడంటే సంఘం పెద్దగారి భార్య.

కయో గొంతు సందు చివర వినిపిస్తే లేచి వచ్చేశాను.

మే 7

గుడి నిండింది. నిజానికి వాళ్ళు వచ్చింది యసుకిచి కోసం కాదు, పారిపోయినవాడికి తొషినో ఏం కర్మ చేయిస్తుందో చూద్దామని.

గురువుగారు "ఎవరైనా చెప్పేదుందా?" అనగానే లేచాను. చెప్పాను. నిన్నటికంటే తక్కువ మాటల్లో అయిపోయింది. ఎక్కడా ఆగలేదు. ముసలి హిరోత, "హిగన్‌లోనా? హిగన్‌లో పంపావా?" అని గట్టిగా అన్నాడు, అని పళ్ళు కొరికాడు. పంపానన్నాను. సంఘం పెద్దగారి భార్య లేచి, మోకాళ్ళ మీద జరుగుతూ తొషినో ముందుకు వెళ్ళి తల నేలకు ఆనించింది. తొషినో ఆమె భుజాలు పట్టి లేపింది. గురువుగారు కలం తీసి, వదిలిన వరసలో యసుకిచి పేరు రాశారు. పైన తిమింగలం పిల్ల, కింద వాడు.

వచ్చేటప్పుడు జనం తొషినో చుట్టూ నడిచారు. నా పక్కన ఎవరూ నడవలేదు. సందు మొదట్లో ఆమె వాళ్ళందరినీ పంపేసి, కయో చెయ్యి పట్టుకుని నా కోసం ఆగింది.

"ఒక్కటి అడగాలి. ఆ రోజు ఆయన వెళ్తూ, రక్తం ఇచ్చేశాక నేనూ దగ్గరుండి చూస్తా, ఆ డాల్ఫిన్ దేనికి చుట్టమో నాకూ తెలుసుకోవాలనుంది అన్నారు. తేలిందా?"

"తేలింది. హిరోత తెచ్చినదానితో తేలింది."

"ఏమని?"

"డాల్ఫిన్లన్నిటికీ దగ్గరి చుట్టం. పెద్ద తిమింగలాలకు కొంచెం దూరపు చుట్టం."

ఆమె ఇంకేదైనా చెబుతానేమోనని చూసింది.

"ఆ మాట రేవులో ఎవర్ని అడిగినా చెప్పేవారు కదా బావగారూ" అంది.

అవునన్నాను. ఆమె కయోని తీసుకుని ఇంటివైపు వెళ్ళింది. భోజనానికి రమ్మనలేదు.